అలుగు ఎత్తు ఎవరి ఇష్టం?



చెరువులు, ఆనకట్టలు, చెక్‌డ్యాములు కట్టడానికి ఇచ్చే అనుమతుల గురించి, కట్టిన తర్వాత వాటి మీద ఉండాల్సిన అజమాయిషీ గురించి ఇవాళ మాట్లాడుకుందాం. అనుమతి అనగానే మనకు ఆఫీసు, ఫైలు, ముద్ర గుర్తుకొస్తాయి. ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకులే అనిపిస్తుంది. కానీ ఎండాకాలంలో మన ఊరి మంచినీళ్ల బోరు పోస్తుందా పోయదా, కుండపోత కురిసిన రాత్రి చెరువు కట్ట నిలుస్తుందా తెగుతుందా అన్నవి ఆ కాగితంలో ఏం రాశారు, రాసినదాన్ని ఎవరు అమలు చేస్తున్నారు అన్నదాన్ని బట్టే ఉంటాయి.

ముందు ఒకసారి చెరువు కట్ట మీదికి వెళదాం. కట్టకు ఒక కొసన, గట్టి నేల చూసుకుని కట్టిన రాతి గోడ ఒకటి ఉంటుంది. దాన్ని అలుగు అంటాం. తెలంగాణలో మత్తడి అని కూడా అంటారు, రాయలసీమలో మరవ అనీ కలుజు అనీ అంటారు. చెరువు నిండాక మిగిలిన నీరు ఆ గోడ మీదుగా పొర్లి కింది వాగులో కలవాలి. పెద్దవాన పడిన మర్నాడు అక్కడికి వెళ్లి చూడండి. చాలా ఊళ్లలో ఆ గోడ మీద ఇసుక బస్తాలు వరసగా పేర్చి ఉంటాయి. పేర్చింది ఆయకట్టు రైతులు. ఇంకో జానెడు నీళ్లు నిలిస్తే యాసంగిలో ఇంకో తడి వస్తుందని వాళ్ల ఆశ. కట్టకు ఎగువన, శిఖం అంచున, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల అంచున, పొలం ఉన్న రైతుకు ఆ జానెడు నీళ్లతో పైరు మునుగుతుంది. ఆయన రాత్రికి రాత్రి వచ్చి బస్తాలు లాగేస్తాడు. చెరువు పాట పాడుకున్నవాళ్లు చేపపిల్లలు కొట్టుకుపోకుండా అలుగుకు అడ్డంగా వల కడతారు. గుర్రపుడెక్క, చెత్తాచెదారం వచ్చి ఆ వలకు అడ్డం పడితే నీరు పోయే దారి సగం మూసుకుపోతుంది. దిగువ ఊరివాళ్లేమో అలుగు ఎప్పుడు పారుతుందా, తమ చెరువులోకి నీళ్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూస్తుంటారు.

వీళ్లలో ఎవరినీ తప్పుపట్టలేం. ఎవరి బతుకుతెరువు వాళ్లది. కానీ గోడ ఒక్కటే. దాని ఎత్తు ఒక అడుగు పెరిగితే ఒకరికి లాభం, ముగ్గురికి నష్టం, కట్టకు ప్రమాదం. అందుకే అలుగు ఎత్తు ఏ ఒక్కరి ఇష్టానికీ వదిలేయకూడదు. అది అందరికీ తెలిసేలా రాసిపెట్టిన అంకె అయి ఉండాలి. ఆ అంకెకు ఒకరు జవాబుదారీగా ఉండాలి. చిన్న ఆనకట్టకైనా పెద్ద ఆనకట్టకైనా అనుమతి అంటే నా దృష్టిలో ఇదే.

ఇందులో ఇంజనీర్లు చెప్పే లెక్క ఒకటుంది. చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టాన్ని ఎఫ్‌టీఎల్ అంటారు. మామూలుగా అలుగు పైఅంచు ఆ మట్టానికే ఉంటుంది. కట్ట పైభాగం దానికంటే ఎత్తుగా ఉంటుంది. ఆ రెండింటికీ మధ్య ఉంచిన ఎడం వరద కోసం, అలల కోసం ఉంచినది. అలుగు మీద బస్తాలు పేర్చిన కొద్దీ ఆ ఎడం తరిగిపోతుంది. పోనీ, ఒక అడుగే కదా అనుకోవచ్చు. అలుగు మీద పొర్లే నీటి మందం సగానికి తగ్గితే బయటికి పోయే నీరు సగానికి తగ్గి ఊరుకోదు, మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. పైనుంచి వరద మాత్రం ఎప్పటిలాగే వస్తూనే ఉంటుంది. పోయే దారి లేని నీరు కట్ట మీదుగా పొర్లుతుంది. రాతి అలుగు మీద నీరు పొర్లినా తట్టుకుంటుంది. మట్టి కట్ట మీద పొర్లితే కొద్ది గంటల్లోనే కోత పెట్టి గండి పడుతుంది.

పైగా మన చెరువులు ఒంటరివి కావు. తెలుగు నేల మీద చాలావరకు గొలుసుకట్టు చెరువులే. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. పై చెరువు తెగితే కింది చెరువు కూడా తెగే ప్రమాదం ఉంటుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించగా మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి మూసీ పరీవాహకమంతా పరిశీలించారు. అందులో ఉన్న 788 చెరువుల్లో 221 చెరువులకు గండ్లు పడ్డాయని ఆయన తేల్చారు. నగరం మీద పడినది ఆకాశం నుంచి కురిసిన వాన ఒక్కటే కాదన్నమాట. తెగిన చెరువుల నీరంతా ఆ వాననీటికి తోడైంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆ వరద తర్వాత కట్టినవే. నిన్నమొన్నటి మాట చెప్పాలంటే, 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కుండపోత వానలకు చెరువులు, వాగులు కలిసి ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకరను ఊడ్చుకుపోయాయి. ఊరి చెరువు ఊరిదే అయినా దాని గండి ఊరి పొలిమేరతో ఆగదు.

ఇది మన పూర్వీకులకు బాగా తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూర అక్కడ చెరువు కట్టించి వేయించిన శాసనం అది. వెయ్యి మంది కూలీలు రెండేళ్లు పనిచేశారనీ, రాయి తోలడానికి నూరు బండ్లు పెట్టారనీ అందులో ఉంది. దానికంటే ముఖ్యమైనది, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ ఆ శాసనం వరసగా చెబుతుంది. నీటి శాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, దూరం నుంచి పారి వచ్చే తీపి నీటి ఏరు, రెండు గుట్టల నడుమ మరీ పొడవు కాని దిట్టమైన రాతికట్ట, దగ్గర్లో రాతి గని, కింద సారవంతమైన చదును పొలాలు, కట్టడంలో ఆరితేరిన పనివాళ్లు, ఇవన్నీ ఆ పన్నెండులోనివే. దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి, చవుడు నేల ఒకటి. నీరు తక్కువగా ఉండి పారించాల్సిన భూమి ఎక్కువగా ఉండడం ఒక దోషమైతే, నీరు ఎక్కువగా ఉండి భూమి తక్కువగా ఉండడం కూడా దోషమే. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం మరొక దోషం. నేల, నీరు, పనితనంతో పాటు పక్క రాజ్యంతో వచ్చే తగాదాను కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఆరున్నర శతాబ్దాల కిందట ఒక చెరువుకు స్థలం చూసేటప్పుడు వేసుకున్న ప్రశ్నలివి. ఇవాళ ఒక చెక్‌డ్యాముకు అంచనాలు వేసేటప్పుడు ఇందులో సగమైనా అడుగుతున్నామా?

కట్టిన తర్వాతి సంగతి కూడా వాళ్లు ఆలోచించారు. రాయలసీమలో దశబంధం ఇనాములు ఉండేవి. చెరువును బాగుచేసి కాపాడే బాధ్యత తీసుకున్నవాళ్లకు దానికింద భూమి ఇచ్చేవాళ్లు. పని మానేస్తే ఆ ఇనాముకు అర్థం లేదు. నీరటి, నీరుగంటి అని పిలిచే మనిషి ఊళ్లో ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఏ మడికి ఎంతసేపు నీరు పెట్టాలి, అలుగు దగ్గర ఎవరైనా చెయ్యి పెట్టారా, ఇదంతా చూసుకోవడం అతని పని. ఇంగ్లీషువాళ్ల కాలంలో, 1883 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో చెరువుల పునరుద్ధరణ పథకం నడిచింది. అప్పుడు ఒక్కొక్క చెరువునూ కొలిచి, పరీవాహకం ఎంత, అలుగు పొడవెంత, మట్టమెంత, తూము అడుగు ఏ మట్టంలో ఉంది, ఆయకట్టు ఎంత అని రాసిపెట్టారు. వాటిని చెరువు మెమోయిర్లు అంటారు. ఆంధ్ర, రాయలసీమ ప్రాంతాల్లో ఒక చెరువు అలుగు మట్టం మీద తగువొస్తే ఇంజనీర్లు వెతికేది ఆ పాత కాగితాలనే.

మరి ఇప్పుడు చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. చాలానే ఉన్నాయి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుల చేతికి సాగునీటి యాజమాన్యం అప్పగిస్తూ చట్టం చేసి, పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపారు. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. మనం వాల్టా అని పిలుచుకునేది అదే. రాజ్యాంగానికి చేసిన 73వ సవరణలో పదకొండో షెడ్యూలు చిన్న నీటిపారుదలను, తాగునీటిని పంచాయతీలకు అప్పగించదగిన విషయాల్లో చేర్చింది. గిరిజన ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల యాజమాన్యం పంచాయతీలదేనని పెసా చట్టం చెబుతోంది. 2006లో తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల కేసులో సుప్రీంకోర్టు, చెరువులు ప్రజల ఆస్తి అనీ ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేననీ తీర్పు చెప్పింది.

అన్నిటికంటే కొత్తది 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం. ఇలాంటి చట్టం కేంద్రం చేయాలని 2007లోనే తీర్మానం చేసి అడిగిన శాసనసభల్లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒకటి. చట్టం రావడానికి మాత్రం ఇంకో పద్నాలుగేళ్లు పట్టింది. ఈలోగా 2021 నవంబరు 19న తెల్లవారుజామున, కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగిన నీరు కూడా వచ్చి దాని మీద పడింది. అన్నమయ్య ప్రాజెక్టుకు ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లి, గుండ్లూరు లాంటి ఊళ్ల మీద నీళ్లు విరుచుకుపడ్డాయి. మనుషులు పోయారు, పశువులు పోయాయి, పంటపొలాల మీద ఇసుక మేట వేసింది. ఆ తర్వాత పదమూడు రోజులకు, డిసెంబరు 2న, భద్రతా బిల్లు రాజ్యసభ ఆమోదం పొందింది. అనుమతి ఉన్న ప్రాజెక్టు అది. నిర్వహణకు శాఖ ఉంది, ఇంజనీర్లు ఉన్నారు. అవసరమైన రాత్రికి ఒక గేటు లేవలేదు. ఒకసారి అనుమతి ఇచ్చి ఊరుకుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఆ చట్టం మంచిదే. ఏటా వానలకు ముందొకసారి, వానల తర్వాత ఒకసారి తనిఖీ చేయాలంటుంది. ప్రమాదం వస్తే ఏం చేయాలో ముందే ప్రణాళిక రాసుకోవాలంటుంది. ఆనకట్ట యజమాని ఎవరో తేల్చి బాధ్యత అతని మీద పెడుతుంది. కానీ అది వర్తించేది పదిహేను మీటర్ల ఎత్తు దాటిన ఆనకట్టలకు. పదికీ పదిహేనుకీ మధ్య ఎత్తు ఉన్నవైతే పొడవు 500 మీటర్లకు తగ్గకూడదు, లేదా నిల్వ పది లక్షల ఘనపు మీటర్లకు తగ్గకూడదు. అలాంటివే ఇంకా కొన్ని షరతులున్నాయి. మన ఊరి చెరువుల కట్టలు చాలావరకు పది మీటర్ల లోపువే. ఒక్క తెలంగాణలోనే చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలుపెట్టినప్పుడు లెక్కతేల్చిన చిన్న నీటి వనరులు 46 వేలు దాటాయి. వాగుల మీద కట్టిన చెక్‌డ్యాములు వేరే. వీటిలో చాలావాటికి ఈ చట్టం వర్తించదు. పూడిక తీయడానికి ఒక శాఖ, ఉపాధి పనులకు ఒక శాఖ, చేపల పాటకు ఇంకొకరు, శిఖం భూముల రికార్డులకు రెవెన్యూ వాళ్లు, మంచినీళ్ల పథకానికి మరొకరు. అలుగు మట్టం ఎంత, దాన్ని ఎవరు కాపాడుతున్నారు అని అడిగితే మాత్రం వేలు చూపించడానికి ఒక్క మనిషి దొరకడు.

ఇక తాగునీటి సంగతి. ఊళ్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లకూ చెరువుకూ సంబంధం లేదనుకుంటాం. బోరు నీళ్లయితే చాలాచోట్ల ఆ బోరు చెరువు కిందిదే, చెరువులో నీరు ఉన్నన్నాళ్లే అది పోస్తుంది. ఏటి ఒడ్డున ఊటబావి నుంచి వచ్చే నీళ్లయితే ఆ ఏట్లో ఇసుక ఉన్నన్నాళ్లే అది ఊరుతుంది. కాలవ నీటితో ఎండాకాలపు నిల్వ చెరువు నింపుకునే ఊళ్లలో, కాలవ కట్టేసేలోపు ఆ చెరువు నిండకపోతే ఇక ట్యాంకర్లే గతి. వాల్టా చట్టం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి తవ్వకూడదంటుంది. ఆనకట్టలకు, వంతెనలకు, తాగునీటి బావులకు 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదని దాని నియమాలు చెబుతున్నాయి. ఎన్ని ఊళ్లలో ఈ దూరాలు కొలిచి రాయి పాతారో మీరే చూడండి.

తాగునీరు ఎంత కావాలో కూడా ఒకసారి లెక్క వేసుకుందాం. కేంద్ర ప్రభుత్వ పథకం జల్ జీవన్ మిషన్ ప్రకారం పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు. మూడు వేల జనాభా ఉన్న ఊరికి రోజుకు లక్షా 65 వేల లీటర్లు. ఏడాదికి ఇంచుమించు 60 వేల ఘనపు మీటర్లు. ఒక ఎకరం వరికి నాటు నుంచి కోత దాకా రమారమి 1,200 మిల్లీమీటర్ల నీరు పడుతుందనుకుంటే, ఈ ఊరంతా ఏడాది పొడవునా తాగి వాడుకునే నీరు పన్నెండు ఎకరాల వరికి సరిపోతుంది. మళ్లీ చెప్తాను. మూడు వేల మందికి ఏడాది నీరు, పన్నెండు ఎకరాల వరికి ఒక పంట నీరు. ఆవిరయ్యేది, ఇంకేది కలుపుకొని రెట్టింపు వేసుకున్నా పాతిక ఎకరాలు. ఆ మాత్రం నీటిని చెరువులో విడిగా ఉంచడం ఏ ఆయకట్టుకూ మోయలేని భారం కాదు. తూము అడుగు మట్టం కాస్త పైన పెడితే ఆ అడుగు నీరు ఎప్పటికీ కాలవలోకి పోదు. పశువులకు, బోర్లలోకి ఊటకు, ఊరికి అది మిగులుతుంది. అయితే ఆ మట్టం అనుమతి పత్రంలోనే రాయాలి. కరవొచ్చిన ఏడాది మార్చి నెలలో, పొట్టమీదున్న పైరు ఎండుతుంటే, చెరువు అడుగున మిగిలిన నీళ్లు వదలొద్దని రైతుకు చెప్పడానికి ఏ సర్పంచికీ నోరు రాదు.

కట్ట భద్రత, తాగునీరు అయ్యాక మూడో సంగతి దిగువ ఊరిది. ఇందులో మనకు పక్క రాష్ట్రాలతో నూట ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు ఒక ఒప్పందం రాసుకున్నాయి. దాని ప్రకారం పదిహేను ప్రధాన నదుల మీద మద్రాసు సమ్మతి లేకుండా మైసూరు కొత్త జలాశయాలు కట్టకూడదు. ఆ జాబితాలో తుంగభద్ర ఉంది, పెన్న ఉంది, చిత్రావతి, పాపాఘ్ని, పాలారు కూడా ఉన్నాయి. అనంతపురం, కడప జిల్లాల్లోకి వచ్చే నీటిని కాపాడిన కాగితం అది. పైనున్న కర్ణాటకను మనం ఆ ఒప్పందం చూపించి అడుగుతాం. పాలారు దగ్గరికొచ్చేసరికి మన స్థానం మారుతుంది. కర్ణాటకలో పుట్టిన పాలారు కుప్పం ప్రాంతంలో మన నేల మీద 33 కిలోమీటర్లు పారి తమిళనాడులోకి పోతుంది. కుప్పం దగ్గర గణేశపురంలో జలాశయం కడతామని మనం తలపెడితే 2006లో తమిళనాడు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పాలారు మీద చెక్‌డ్యాముల ఎత్తు పెంచితే 2016లో మళ్లీ వెళ్లింది. కుప్పం రైతుకు నీళ్లు కావాలి, వేలూరు రైతుకూ కావాలి. ఎగువవాణ్ని మనం ఏ న్యాయం అడుగుతున్నామో దిగువవాడు మనల్ని అదే న్యాయం అడుగుతాడు. రెండు రాష్ట్రాల మధ్య చెల్లే ఆ న్యాయం ఒకే మండలంలోని రెండు ఊళ్ల మధ్య కూడా చెల్లాలి. వాగు మీద పై ఊరివాళ్లు చెక్‌డ్యాము కట్టుకునే ముందు కింది ఊరి గ్రామసభకు ఒక్క మాట చెప్పాలన్న నియమం కచ్చితంగా ఉండాలి.

ఇంత చెప్పాక మీకొక భయం రావచ్చు. ప్రతిదానికీ అనుమతి అంటే రైతు పొలంలో ఒక కుంట తవ్వుకోవాలన్నా ఆఫీసుల చుట్టూ తిరగాలా అని. ఆ భయం నిజమైనదే. రాజస్థాన్‌లో అల్వర్ జిల్లా గోపాల్‌పురా గ్రామస్థులు 1980లలో తరుణ్ భారత్ సంఘ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో పాడుబడ్డ జోహడ్‌ను, అంటే వాననీటి కుంటను, చేతులారా బాగుచేసుకున్నారు. నీళ్లొచ్చాయి. వెనకే, అనుమతి లేని కట్టడమంటూ నీటిపారుదల శాఖ నోటీసు కూడా వచ్చింది. ఎండిన ఊరికి నీరు తెచ్చుకున్నవాళ్లను నేరస్థుల్ని చేసే చట్టం ఎవరికీ మేలు చేయదు.

దీనికి దారులున్నాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో తీరానికి దూరంగా ఉన్న చాలా ప్రాంతాల్లో రైతు తన భూమిలో పారే సగటు వాననీటిలో పదో వంతు వరకు లైసెన్సు లేకుండానే కుంట కట్టి నిలుపుకోవచ్చు. అంతకు మించితే లైసెన్సు కావాలి. చిన్నదాన్ని వదిలేసి పెద్దదాన్ని పట్టుకునే పద్ధతి అది. మన దగ్గర కూడా పొలంలోని నీటికుంటకు, ఇంకుడు గుంతకు ఏ అనుమతీ అడగకూడదు. వాగుకు అడ్డంగా కట్టే చెక్‌డ్యాముకు పంచాయతీలో నమోదు, నిర్ణీతమైన నమూనా, దిగువ ఊరికి సమాచారం చాలు. ఊరి మీదో, బడి మీదో, రోడ్డు మీదో నీళ్లు పడే అవకాశమున్న ప్రతి కట్టకూ, ఎత్తుతో నిమిత్తం లేకుండా, పూర్తి అనుమతి, ఏటా తనిఖీ ఉండాలి. కట్ట ఎత్తు కంటే దానికింద ఎంతమంది నిద్రపోతున్నారన్నది ముఖ్యం.

నియమాలు పైనుంచే రానక్కర్లేదు. అదే అల్వర్ జిల్లాలో అర్వరి నది పొడవునా ఉన్న డెబ్బై ఊళ్లు 1999లో ఒక నదీ సంసద్, అంటే నది పార్లమెంటు, పెట్టుకున్నాయి. చెరకు, వరి లాంటి పంటలు వద్దని తమకు తామే కట్టుబాటు చేసుకున్నాయి. మన దగ్గర కూడా ఉమ్మడి రాష్ట్రంలో రైతులే నడిపిన భూగర్భజలాల పథకం ఒకటి ఉండేది. ఏడు కరవు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా ఊళ్లలో రైతులు, ఆడవాళ్లు కూడా, వానను కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, ఆ లెక్క చూసి ఏ పంట వేయాలో ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నారు. ఒకప్పుడు చేసిన పనే, మళ్లీ చేయగలం.

అనుమతి పత్రంలో ఏం ఉండాలో ఇప్పుడు చెప్తాను. మొదటిది మట్టాలు. అలుగు మట్టం, అలుగు పొడవు, కట్ట పైమట్టం, తూము అడుగు మట్టం, ఈ నాలుగూ రాసి, ఊళ్లో చదువుకున్న పిల్లవాడు కూడా చూసి పోల్చుకునేలా అలుగు పక్కన రాయి మీద చెక్కాలి. రెండోది తాగునీటి వాటా, ఎన్ని అడుగుల నీరు ఎప్పటికీ తీయకూడదో. మూడోది దిగువ ఊరి హక్కు, వాళ్లకు వదలాల్సిన నీరు ఎంతో, ఎప్పుడో. నాలుగోది పేరు. శాఖ పేరు రాస్తే చాలదు, ఆ ఏడాది బాధ్యుడైన ఉద్యోగి పేరు, నీటి సంఘం అధ్యక్షుడి పేరు, మరమ్మతుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా ఉండాలి. ఐదోది గడువు. ప్రతి ఏటా వానలకు ముందు తనిఖీ జరిగి, ఆ నివేదిక గ్రామసభలో చదివితేనే అనుమతి కొనసాగాలి.

ఆ తనిఖీ పెద్ద శాస్త్రం కూడా కాదు. మే నెలలో ఒక ఉదయం కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిస్తే సగం తెలుస్తుంది. కట్ట మీద తుమ్మ చెట్లు మొలిచాయా, వేర్లు లోపలికి పోయాయా చూడాలి. ఎండ్రకాయ బొక్కలు, ఎలుక కన్నాలు, చీమల పుట్టలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోవాలి. వాటి వెంబడే లోపలి నుంచి నీరు దారి చేసుకుని బుంగ పడుతుంది. కట్ట వెనకవైపు కింద తేమ ఉందా, ఊరే నీరు తేటగా ఉందా, మట్టి కలిసి వస్తోందా చూడాలి. తేట నీరైతే కొంత నెమ్మది. బురద నీరు వస్తుంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే, అదే రోజు ఇంజనీరుకు కబురు చేయాలి. తూము తలుపు లేస్తోందా, దిగుతోందా చూడాలి. అలుగు కింద వాగులో ఎవరైనా గోడ కట్టారా, పొలం దున్నారా, ఇల్లు లేపారా చూడాలి. చెరువు నిండాక ఈ పనుల్లో ఏదీ చేయలేం.

రైతు సోదరులకు, సోదరీమణులకు, సర్పంచులకు, నీటి సంఘాల పెద్దలకు నా మనవి ఒక్కటే. మీ మండల నీటిపారుదల కార్యాలయానికి వెళ్లి మీ చెరువు అలుగు మట్టం, ఎఫ్‌టీఎల్, ఆయకట్టు లెక్కలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. వచ్చిన లెక్కల్ని వచ్చే గ్రామసభలో అందరికీ వినబడేలా చదివించండి, పంచాయతీ గోడ మీద రాయించండి. దిగువ ఊరి పెద్దల్ని కూడా ఆ రోజు పిలవండి. అలుగు మీద బస్తాలు ఉంటే మీ చేతులతోనే తీసేయండి. రాష్ట్ర ప్రభుత్వాలు చిన్న చెరువులకు, చెక్‌డ్యాములకు కూడా భద్రత నియమాలు తేవాలి. అవి వచ్చేదాకా ఆగకుండా ఈ ఏటి వానలకు ముందే మన చెరువు లెక్క మన చేతిలో ఉండాలి.